పెత్తనం వేరు, నాయకత్వం వేరు

(గ్రామ, మండల కమిటీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘంలో కొత్తగా బాధ్యతలు తీసుకున్నవాళ్లు చాలామంది ఈ తరగతికి వచ్చారు. ఊళ్లో పెత్తందార్లను చూస్తూ పెరిగినవాళ్లం మనం. కుర్చీ దొరికితే మనకూ వాళ్లలాగే కూర్చోవాలనిపిస్తుంది. అందుకే ఈ రోజు పెత్తనానికీ నాయకత్వానికీ ఉన్న తేడా గురించి మాట్లాడుకుందాం. ముందు మేం చేసిన ఒక తప్పు చెబుతాం.

కొన్నేళ్ల కిందట ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర గొడవైంది. తేమ 17 శాతం లోపే ఉన్నా బస్తాకు రెండు కిలోల తరుగు తీస్తామన్నారు. రెండు వందల మంది రైతులు గేటు దగ్గర బైఠాయించారు. మండల కమిటీ నుంచి మమ్మల్ని నలుగుర్ని లోపలికి పిలిచి, కుర్చీలు వేసి, టీ ఇచ్చి మాట్లాడారు. బయట మబ్బు పట్టింది. కల్లాల్లో ధాన్యం తడుస్తుందన్న భయంతో కిలో తరుగుకు ఒప్పుకుని సంతకాలు పెట్టాం. సగం తగ్గించామని బయటికొచ్చి గొప్పగా చెప్పాం.

అప్పుడు ఒక కౌలు రైతు లేచాడు. "ఎవర్నడిగి ఒప్పుకున్నారండీ? నేను కౌలు మాట్లాడుకున్నదంతా కట్టాల్సిందే. భూమి గలాయనకు తరుగు ఉండదు. ఈ కిలో మొత్తం నా కష్టంలోంచే పోద్ది" అన్నాడు. మా నలుగురిలో ఒక్క కౌలు రైతూ లేడు. ఆ లెక్క మాలో ఎవరికీ తట్టలేదు. కాగితం మీద సంతకాలైపోయాయి. ఆ సీజనంతా బస్తాకు కిలో చొప్పున పోయింది.

మేం ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. అయినా ఆ రోజు చేసింది పెత్తనమే. నష్టపోయేవాడిని అడగకుండా అతని తరఫున మనమే తేల్చెయ్యడాన్ని ఇంకేమంటాం? వాన ముంచుకొస్తుంటే మీటింగులు పెడతారా అని మీరు అడగొచ్చు. రైతులంతా గేటు దగ్గరే ఉన్నారు. అడగడానికి పది నిమిషాలు చాలు.

ఇప్పుడు ఢిల్లీ సరిహద్దుల్లో జరిగింది గుర్తు చేసుకోండి. 2020 నవంబరు 26న మొదలైన ఆ పోరాటాన్ని నలభైకి పైగా సంఘాలు కలిసి సంయుక్త కిసాన్ మోర్చాగా నడిపాయి. డిసెంబరులో విజ్ఞాన్ భవన్ చర్చలప్పుడు ప్రభుత్వ భోజనం వద్దని, లంగరు నుంచి తెప్పించుకున్నదే నాయకులు తిన్నారు. బయట రైతులు తింటున్నదే లోపల తామూ తిన్నారు.

2021 జనవరి 20న పదో విడత చర్చల్లో, మూడు సాగు చట్టాలనూ ఏడాదిన్నర పాటు నిలిపేస్తామని ప్రభుత్వం ముందుకొచ్చింది. చిన్న మాట కాదది. జనం అప్పటికే దాదాపు రెండు నెలలుగా చలిలో, రోడ్ల మీద ఉన్నారు. అయినా నాయకులు ఆ గదిలో తలూపలేదు. మాట్లాడుకుని చెబుతామని లేచి వచ్చారు. మర్నాడు మోర్చా సర్వసభ్య సమావేశం కూర్చుని, పూర్తి రద్దు తప్ప ఒప్పుకోబోమని తేల్చింది. జనవరి 22 తర్వాత చర్చలే ఆగిపోయాయి. ఎండ, వాన, మళ్లీ చలి వచ్చాయి. శిబిరాలు మాత్రం నిలిచాయి. నిర్ణయం తమదైనప్పుడు దాని బరువు కూడా జనమే మోస్తారు. 2021 నవంబరు 19న ప్రధాని చట్టాల రద్దు ప్రకటించారు. 29న పార్లమెంటు రద్దు బిల్లును ఆమోదించింది. మద్దతు ధరకు చట్టబద్ధ హామీ మాత్రం ఆనాడు దక్కలేదు. ఆ పని మన ముందే ఉంది.

ఆ తరుగు గొడవ తర్వాత మా మండలంలో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. చర్చలకు వెళ్లే బృందంలో ఒక కౌలు రైతు, ఒక మహిళా రైతు తప్పనిసరి. పొలంలో సగం పని ఆడవాళ్లే చేస్తున్నా, పాస్‌బుక్ పేరు మీద లేదని వాళ్లను రైతుగా లెక్కపెట్టని ఊళ్లు మనవి. లోపల విన్నది బయటికొచ్చి చెప్పకుండా ఎవరూ సంతకం పెట్టకూడదు. సభ్యత్వ రుసుము, చందాల లెక్క ప్రతి ఊళ్లో అందరి ముందూ చదవాలి. అడిగితే చూపిస్తాం అంటే కుదరదు, అడక్కముందే చదవాలి.

చివరిగా ఒక మాట. సమావేశంలో మిమ్మల్ని నిలదీసేవాడు లేస్తాడు. పెత్తందారు అతణ్ని కూర్చోబెడతాడు. మీరు మాత్రం మాట పూర్తయ్యేదాకా వినండి, జవాబు చెప్పండి, జవాబు లేకపోతే తప్పు ఒప్పుకోండి. మమ్మల్ని నిలదీసిన ఆ కౌలు రైతు ఇవాళ మా మండల కమిటీలో ఉన్నాడు. సభ్యత్వ నమోదుకు ఊళ్లకు వెళ్లినప్పుడు అలాంటివాళ్ల గడపే ముందు తొక్కండి.

రైతు ఐక్యత వర్ధిల్లాలి!