కళుగుమలై యాత్ర – అక్కడ విన్న కథలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)

 

ఈ సభలో నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు నన్ను కోరినప్పుడు, ఏ విషయం మీద అని అడిగాను. “మనవాళ్ళకు పనికివచ్చేది ఏదైనా సరే” అన్నారు. నేను పండితుణ్ణి కాను. అందుచేత పెద్ద విషయాల జోలికి పోక, ఇటీవల పుదూరు నుంచి కొన్ని తెలుగు కుటుంబాలవారం కలిసి చేసిన కళుగుమలై యాత్రను గురించి, అక్కడ విన్న కథలను గురించి చెబుతాను. చివర ఒక చిన్న విన్నపం చేసుకుంటాను.

పుదూరు అంటే తమిళంలో కొత్త ఊరు. మన దేశంలో కొత్తపల్లి, కొత్తూరు అన్నట్లే. చుట్టూ నల్లరేగడి నేల. ఇక్కడివారు దీనిని కరిసల్ భూమి అంటారు. ఈ నేల మీద రెండు రకాల తెలుగువారు ఉన్నారు. మనవలె ఉద్యోగాల కోసం, వ్యాపారాల కోసం నిన్న మొన్న వచ్చినవారు ఒకరు. విజయనగర రాజుల కాలంలోను, మధుర నాయక రాజుల కాలంలోను వచ్చి, తరతరాలుగా ఇక్కడ సేద్యం చేసుకుంటున్నవారు రెండవవారు. వారు ఇంట్లో తెలుగు మాట్లాడుతారు గాని, చదువు తమిళంలో సాగడం వల్ల చాలామందికి తెలుగు లిపి రాదు. ఆ రోజు మా బస్సులో ఉభయులూ ఉన్నారు.

పుదూరు నుంచి ఎట్టయాపురం మీదుగా కోవిల్పట్టి చేరాలి. ఎట్టయాపురం అనగానే 1882లో అక్కడ పుట్టిన మహాకవి సుబ్రహ్మణ్య భారతి అందరికీ గుర్తుకు వస్తారు. ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో దేహం చాలించినది కూడా అక్కడే. వారి సమాధి దర్శించి నమస్కరించుకున్నాము. ఆ వంశంవారే అయిన సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే మహాగ్రంథాన్ని 1904లో ఎట్టయాపురంలోనే అచ్చు వేయించారు. అది ఏ లిపిలో అచ్చయినదో తెలుసునా? తెలుగు లిపిలో! తమిళ దేశపు నడిబొడ్డున, తెలుగు అక్షరాలలో. ఎట్టయాపురం జమీందారులు చంద్రగిరి ప్రాంతం నుంచి వచ్చినవారని వారి వంశచరిత్ర చెబుతున్నది. కళుగుమలై కూడా ఆ జమీందారీలోనిదే.

కోవిల్పట్టికి పడమరగా, శంకరన్ కోవిల్ పోయే దారిలో, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కళుగుమలై ఉన్నది. కళుగు అంటే గద్ద, మలై అంటే కొండ. గద్దకొండ అన్నమాట. కొండ అడుగున కళుగాచలమూర్తి అనే పేరుతో సుబ్రహ్మణ్యస్వామి కొలువై ఉన్నాడు. గర్భాలయం కొండను తొలిచి కట్టినది. కొండే స్వామికి విమానం. అందుచేత గర్భగుడి చుట్టూ ప్రదక్షిణం చేయడానికి వీలులేదు. చేయదలచినవారు కొండ చుట్టూ తిరిగి రావలసినదే.

ఆ పేరుకు స్థలపురాణం చెప్పే కారణం ఇది. రామాయణంలోని జటాయువుకు అన్న సంపాతి. తమ్ముడు రావణుని చేత మరణించిన సంగతి సంపాతికి చాలాకాలం తెలియలేదు. తెలిసిన తరువాత, తమ్ముడికి ఉత్తరక్రియలు చేయలేకపోయితినే అని కుమిలి, ఆ దోషం పోవడానికి ఈ కొండ మీద సుబ్రహ్మణ్యస్వామిని సేవించి తరించాడట. శూరపద్ముడి మీదికి దండెత్తి వచ్చిన స్వామికి దారి చెప్పినవాడు కూడా ఈ సంపాతియేనట.

మా పిల్లలలో ఒకడు వెంటనే, “మా తాత చెప్పిన కథలో సంపాతి సముద్రపుటొడ్డున ఉంటాడు. అంగదుడి నోట తమ్ముడి చావు విని, అక్కడే నీళ్ళు వదులుతాడు. ఇందులో ఏది నిజం?” అని అడిగాడు. మంచి ప్రశ్న. కిష్కింధకాండలో ఉన్నది వాడు చెప్పినదే. కాని స్థలపురాణం గ్రంథానికి పోటీగా పుట్టినది కాదు. తమ్ముడికి చివరి కార్యం చేయలేని అన్న దుఃఖం ఎంతటిదో తెలిసినవాళ్ళు, ఆ దుఃఖానికి తమ ఊళ్ళో, తమ కొండ మీద ఒక ఉపశమనం చూపించారు. దూరదేశంలో ఉద్యోగం చేస్తూ, తనవారి కడచూపుకు అందుకోలేకపోయినవారు ఈ సభలో కూడా ఉంటారు. వారికి ఈ కథ విడమరచి చెప్పనక్కరలేదు.

అక్కడి నుంచి కొండ ఎక్కాము. పైన ఉన్నది వెట్టువాన్ కోవిల్. 8వ శతాబ్దంలో పాండ్యరాజుల కాలంలో చెక్కిన ఆలయం. చెక్కిన అని ఎందుకంటున్నానంటే, ఇది రాయి మీద రాయి పేర్చి కట్టినది కాదు. కొండరాతిని మూడు వైపుల సుమారు 25 అడుగుల లోతున తొలిచి, నడుమ మిగిలిన ఏకశిలనే గుడిగా మలిచారు. ఎల్లోరాలోని కైలాసనాథాలయం కూడా ఆ శతాబ్దపుదే, ఈ పద్ధతిదే. ఇల్లు కట్టేవాడు పునాది నుంచి పైకి పోతాడు. ఈ శిల్పి శిఖరం నుంచి కిందికి దిగాడు. పై భాగమంతా పూర్తి అయినది. నందులు, భూతగణాలు, కోతులు, సింహాలు, ఉమతో కూర్చున్న శివుడు. దక్షిణపు వైపు దక్షిణామూర్తి మృదంగం వాయిస్తూ ఉంటాడు. మౌనముద్రలో కూర్చునే దక్షిణామూర్తిని మనం ఎరుగుదుము గాని, మృదంగం పట్టిన దక్షిణామూర్తిని నేను అక్కడే చూచాను. కింది భాగం మాత్రం మొండిరాయి. పని సగంలో ఆగిపోయినది.

ఎందుకు ఆగినదో జనం ఒక కథ చెప్పుకుంటారు. తండ్రీ కొడుకులు ఇద్దరూ శిల్పులు. ఇద్దరికీ మాట పట్టింపు వచ్చి విడిపోయారు. తండ్రి కొండ కింద పనిచేస్తున్నాడు, కొడుకు కొండ మీద ఈ గుడి చెక్కుతున్నాడు. పైనుంచి దిగివచ్చినవారందరూ కొడుకు పనినే మెచ్చుకుంటూ పోతున్నారు. తండ్రి ఓర్వలేకపోయాడు. సుత్తి విసిరాడు. కొడుకు ప్రాణం పోయినది, గుడి సగంలో నిలిచినది. మరి కొందరు వేరు విధంగా చెబుతారు. పైన చెక్కుతున్నవాడు తన కొడుకేనని తండ్రికి తెలియదట. కొట్టిన తరువాత దగ్గరికి పోయి ముఖం చూచి, గుండెలు బాదుకున్నాడట. వెట్టువాన్ అంటే రాయి కొట్టేవాడు. గుడికి పేరు దేవుడిది రాలేదు, ఆ పనివాడిది వచ్చినది.

ఈ కథ ఏ శాసనంలోను లేదు. శాసనాలు చెప్పే సంగతి వేరు. గుడికి కొంచెం ఎడంగా అదే కొండరాతి మీద వరుసలు వరుసలుగా జైన తీర్థంకరుల విగ్రహాలు ఉన్నాయి. పడగల నీడన నిలిచిన పార్శ్వనాథుడు, కాళ్ళకు తీగలు అల్లుకున్న బాహుబలి, సింహం ఉన్న అంబికా యక్షి. వాటి కింద వట్టెళుత్తు అనే పాత లిపిలో శాసనాలు. ఫలానా ఊరి ఫలానావారు ఈ విగ్రహం చేయించారు అని వ్రాసి ఉన్నది. అక్కడ జైన గురువులు శిష్యులకు విద్య చెప్పేవారు. వారిలో కురత్తి అనే బిరుదుగల స్త్రీలు కూడా ఉన్నారు. సుమారు పన్నెండు వందల ఏళ్ళ కిందట ఆ కొండ మీద ఆడవారు గురువులై విద్య చెప్పారని విని, మాతో వచ్చిన తల్లులందరూ ఆశ్చర్యపోయారు. నేడు ఆ విగ్రహాల ముందు అయ్యనారు గుడి ఉన్నది. కింద మురుగన్, పైన శివుడు, పక్కన తీర్థంకరులు, వారి ఎదుట అయ్యనారు. ఒక్క కొండ మీద ఇందరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గుడి దగ్గర నీడలో కూర్చుని, విన్న కథను పిల్లలచేత తిరిగి చెప్పించాము. తొమ్మిదేళ్ళ పాప ఒకతె లేచి, చేతులు తిప్పుతూ ఎంతో ఉత్సాహంగా చెప్పినది. “అప్పా కోపంతో సుత్తి విసిరేసినారు, ఆ పిల్లవాడు అంగేయే పడి సచ్చిపోయినాడు” అన్నది. మాలో ఒక పెద్దమనిషి, “అంగేయే ఏమిటమ్మా? అదీ ఒక తెలుగేనా?” అని గట్టిగా నవ్వారు. ఇంకా ఇద్దరు ముగ్గురు నవ్వారు. పాప అక్కడితో ఆపి కూర్చున్నది. కొండ దిగేవరకు స్నేహితురాళ్ళతో మాట్లాడుతూనే ఉన్నది. కాని అంతా తమిళంలోనే. తెలుగు మాట ఒక్కటి కూడా నోట రాలేదు.

మాతో వచ్చిన ఇక్కడి తెలుగు అవ్వ ఒకామె, “బిడ్డ కథ చెప్పింది గదయ్యా. నీకు తెలిసె గదా. ఇంకేమి కావాల?” అన్నది. ఆ పెద్దమనిషి సహృదయులు, పాపకు మిఠాయి కొనిపెట్టారు. కాని మిఠాయితో మాట తిరిగి రాదు.

కొండ మీద విన్న కథ మన ఇళ్ళలో జరుగుతున్నదని నాకు తోచినది. మన పిల్లలకు ఈ రాష్ట్రంలో తమిళం తప్పదు. 2006లో వచ్చిన చట్టం ప్రకారం బడిలో అందరూ నేర్చుకోవలసినదే, నేర్చుకోవడం మంచిదే కూడా. రోజంతా ఆ భాషలో గడిపిన పిల్ల ఇంటికి వచ్చి తెలుగులో కథ చెబితే, అందులో నాలుగు తమిళ ముక్కలు పడతాయి. ఆ ముక్కలు తీసివేయడం సులభం. వేళాకోళంతో మూసుకున్న నోరు తెరిపించడం కష్టం. ఆ గుడి పై నుంచి కిందికి చెక్కినట్లే మన పిల్లల తెలుగు కూడా మాట నుంచి మొదలై, తరువాత అక్షరానికి, ఆ తరువాత వ్యాకరణానికి దిగాలి. కింద మొండిగా ఉన్నదని పైన సుత్తి వేస్తే ఎట్లా?

కోవిల్పట్టి దగ్గర ఇడైసేవల్ అనే ఊరు ఉన్నది. అక్కడ 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగు. తెలుగు దేశం వదలి ఈ నల్లరేగడికి వచ్చిన మనవారి కథను ఆయన గోపల్ల గ్రామం అనే నవలగా 1976లో ప్రకటించారు. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినది. 2021లో ఆయన పరమపదించారు. ఆ నవలలు రెండూ ఆయన తమిళంలోనే వ్రాశారు. ముసలివాళ్ళ నోట విన్న కథలను ఆయన తనకు వచ్చిన లిపిలో వ్రాసి నిలబెట్టారు. అందుకు ఆయనకు మనమందరం ఋణపడి ఉన్నాము. మనకు తెలుగు లిపి కూడా వచ్చును గదా, మనమేమి చేస్తున్నాము?

అందుచేత నా విన్నపం ఇది. పిల్లలు కథ చెబుతున్నప్పుడు మధ్యలో ఆపి తప్పు పట్టవద్దు. చెప్పడం అయిన తరువాత, “దానిని మన ఇంట్లో ఇట్లా అంటాము” అని ఆ మాటను మెల్లగా అందించండి. సెలవు రోజుల్లో వారిని ఇక్కడి పాత తెలుగు కుటుంబాల ఇళ్ళకు తీసుకొనిపోండి. ఆ అవ్వలకు లిపి రాదు, కథలు వచ్చును. మన పిల్లలకు లిపి వచ్చును, కథలు రావు. అవ్వ చెప్పినది చెప్పినట్లు, ఆమె యాసతోనే, పిల్లలు నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. కొండలను గురించి, గుడులను గురించి, వలస వచ్చిన దారులను గురించి ఎన్ని దొరికితే అన్ని. వాటిలో మంచివి ఏరి, వచ్చే ఉగాది సంచికలో పిల్లల పేర్లతో అచ్చు వేయవలసినదిగా కార్యవర్గంవారిని కోరుతున్నాను. మొదటి కథ ఆ తొమ్మిదేళ్ళ పాపది కావాలని నా కోరిక. “అంగేయే” అన్న మాట కూడా అట్లాగే ఉండనివ్వండి.

కళుగుమలై చూడదలచినవారు తెల్లవారుజామునే బయలుదేరండి. ఎండెక్కితే రాయి కాలుతుంది. నీళ్ళు వెంట ఉంచుకోండి. విగ్రహాల మీద నూనె, సుద్ద పూయనీయకండి, పేర్లు చెక్కనీయకండి. దారిలో పిల్లలను కథ అడగండి. అడిగి, చివరిదాకా వినండి.