చమురు చవకైన ఏడాది లెక్క

 

ఈ రోజు పట్టాలందుకున్న మీరు పుట్టకముందు సంగతి ఒకటి చెబుతాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. అప్పటిదాకా ఇరవై డాలర్ల చుట్టూ తిరుగుతున్న బ్యారెల్ ముడిచమురు అక్టోబరుకల్లా నలభై డాలర్లు దాటింది. యుద్ధం మనది కాకపోయినా బిల్లు మనకూ వచ్చింది. పైగా ఆ దేశాలకు మన ఎగుమతులు ఆగిపోయాయి. లక్షా డెబ్బై వేల మందికి పైగా మనవాళ్లను విమానాల్లో వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. వారిలో కడప, గోదావరి జిల్లాలవాళ్లూ ఉన్నారు. కువైట్ డబ్బుతో ఇల్లు మొదలుపెట్టి గోడల దగ్గర ఆపేసిన కుటుంబానికి చమురు ధర అంటే ఏమిటో ఏ ప్రొఫెసరూ చెప్పనక్కర్లేదు.

1991 జూన్ నాటికి దేశం దగ్గర మిగిలిన విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మించి చాలదు. మే నెలలో 20 టన్నుల బంగారం అమ్మాం. జులైలో మరో 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టాం. పుస్తెలు కుదువపెట్టినంత పనయింది.

తప్పంతా నాటి ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్‌ మీదికి నెట్టేస్తే నేను ఒప్పుకోను. 1986లోనే చమురు ధర దాదాపు సగానికి పడిపోయింది. ఊపిరి పీల్చుకునే ఆ వ్యవధిలో మనం లోటు తగ్గించుకోలేదు సరికదా, స్వల్పకాలిక విదేశీ అప్పులు పెంచుకున్నాం.

అలాంటి అవకాశం మళ్లీ వచ్చింది. 2014 జూన్‌లో 110 డాలర్లు దాటిన బ్యారెల్ 2016 జనవరికి 30 లోపుకు దిగింది. ఆ మధ్యకాలంలో కేంద్రం తొమ్మిదిసార్లు ఎక్సైజ్ సుంకం పెంచింది. బంకు దగ్గర జనానికి దక్కింది కొంతే. దాన్ని నేను పూర్తిగా తప్పుపట్టను, ఖజానా లోటు తగ్గింది. కానీ దాచుకున్న చమురెంత? విశాఖలో రాతిని తొలిచి కట్టిన గుహల్లో 13.3 లక్షల టన్నులు పడుతుంది. మంగళూరు, పాడూరు కలిపినా మొత్తం 53.3 లక్షల టన్నులే. అన్నీ నిండుగా ఉన్నా దేశానికి పదిరోజులకు చాలదు. మనం వాడే ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా దిగుమతే మరి.

మీలో కొందరు రేపు బ్యాంకుల్లో, రిఫైనరీల్లో, సచివాలయాల్లో కూర్చుంటారు. చమురు మండిపోతున్నప్పుడు అడిగేవాళ్లకు కొదవ ఉండదు. ధర పడిపోయిన ఏడాది బడ్జెట్ పుస్తకం తెరిచి, మిగిలిన సొమ్ములో నిల్వలకెంత, రైళ్ల విద్యుదీకరణకెంత, పాత అప్పుకెంత పోయిందో లెక్క అడగండి.