పైపు మీద పేరు చదవండి



మీలో చాలామంది పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలకు పనికి పోతున్నరు. ఊడుస్తరు, కడుగుతరు, ప్యాకింగు చేస్తరు. అక్కడ తల మీద, పక్కన, కాళ్ల దగ్గర ఎన్నో పైపులు ఉంటాయి. వాటికి రంగులు అందం కోసం వేయలేదు.

ఏ పైపుకు ఏ రంగు వేయాలో మన దేశంలో ఒక పద్ధతి ఉంది. దాని నంబరు ఐ.ఎస్. 2379. నీళ్ల పైపు ఆకుపచ్చ. గాలి పైపు లేత నీలం. ఆవిరి పైపు వెండి రంగు. గ్యాసు పైపు పసుపు. యాసిడ్ పైపు ముదురు ఊదా, అంటే మన వంకాయ రంగు అనుకోండి. మంటలు ఆర్పే నీళ్ల పైపు ఎరుపు.

రంగు తెలిస్తే సగమే తెలిసినట్టు. పసుపు పైపులో మండే గ్యాసు ఉండొచ్చు, నైట్రోజన్ ఉండొచ్చు. నైట్రోజన్ మండదు. వాసన రాదు. కంటికి కనబడదు. కానీ మూసి ఉన్న గదిలో అది నిండితే మనిషికి ఊపిరి అందదు. తెలిసేలోపే కూలిపోతారు. లోపల పడినామెను లాగుదామని పోయినామె కూడా పడిపోతుంది. అందుకే రంగుతో పాటు పేరు రాయాలి. లోపలిది ఎటు పారుతుందో బాణం గుర్తు వేయాలి.

పచ్చ పైపు చూసి మంచినీళ్లు అనుకోకండి. యంత్రాలను చల్లబరిచే నీళ్లదీ పచ్చ పైపే. ఆ నీళ్లలో మందులు కలుపుతారు. "తాగే నీళ్లు" అని రాసి ఉంటేనే తాగండి.

నీళ్లే కదా అని కూడా అనుకోవద్దు. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషపు రసాయనం ఉన్న ట్యాంకులోకి నీళ్లు చేరాయి. విషవాయువు బయటికొచ్చి వేలమంది చనిపోయారు. ఆ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని మార్చారు. పనిలో ఉన్న ప్రమాదం ఏమిటో అడిగి తెలుసుకునే హక్కు కార్మికులకు వచ్చింది. ఇప్పటి చట్టంలోనూ ఆ హక్కు ఉంది. "కాంట్రాక్టు కూలోళ్లం, మాకెవరు చెప్తరు" అనకండి. యాసిడ్ కారితే పర్మినెంటా, కాంట్రాక్టా అని చూడదు. పేరు లేని పైపు వాల్వు తిప్పమంటే, "ఇందులో ఏముంది సారూ?" అని ముందు అడగండి. తుడిచేటప్పుడు పేరు, బాణం చెరిగిపోనివ్వకండి. రంగు వెలిసిపోతే సూపర్‌వైజరుకు చెప్పండి.

ఇక్కడొక చిక్కుంది. చాలాచోట్ల పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. తెలుగులోనూ రాయమని నలుగురూ కలిసి అడగండి. తెలుగొక్కటే చాలదు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. అది పైపుల వల్ల జరిగిందని నేను అనడం లేదు. మన పక్కన నిలబడి పనిచేసేవాళ్లు ఏ భాష వాళ్లో చూడండి అంటున్నా. వాళ్లు చదివే భాషలో కూడా పేర్లు ఉండాలి.

రేపు పనికి పోయినప్పుడు, మీరు నిలబడే చోట ఉన్న పైపుల పేర్లు చీటీ మీద రాసుకొని రండి. ఇంగ్లీషు అక్షరాలైతే ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు గీసుకొని రండి. ఇక్కడ కూర్చొని చదువుదాం.