తన పాత్రలో తానే

డాక్యుమెంటరీ అనగానే మనలో కాస్త వయసు మళ్లినవాళ్లకు గుర్తొచ్చేవి సినిమాహాల్లో అసలు బొమ్మకు ముందు వేసిన ఫిలిమ్స్ డివిజన్ వార్తాచిత్రాలు. వరదలు, ఆనకట్టలు, ప్రారంభోత్సవాలు, వెనక నుంచి ఒక గంభీరమైన గొంతు. ఆ గొంతు చెప్పాక ఇక సందేహం ఉండకూడదు. ఈ పూట నేను పరిచయం చేయబోయే చిత్రంలో ప్రధానంగా వినిపించే గొంతు కథానాయకుడిది. అతన్ని నమ్మాలో వద్దో మనకెవరూ చెప్పరు.

చిత్రం పేరు 'ఇన్‌ఫార్మెంట్'. అమెరికన్ దర్శకుడు జేమీ మెల్ట్‌జర్ 2012లో తీశాడు. ఇందులోని మనిషి టెక్సస్‌వాడు, బ్రాండన్ డార్బీ. 2005 ఆగస్టులో కత్రినా తుపానుకు వరదగట్లు తెగి న్యూ ఆర్లియన్స్ నగరంలో ఐదింట నాలుగు వంతులు మునిగింది. సర్కారు సాయం రావాల్సిన వేళకు రాలేదు. అక్కడ చిక్కుకుపోయిన ఒక స్నేహితుణ్ణి వెతుక్కుంటూ డార్బీ, స్కాట్ క్రో అనే మిత్రుడు పడవ తీసుకుని బయలుదేరారు. నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీలో ఒకప్పటి నాయకుడు మాలిక్ రహీం నివాసం కేంద్రంగా అప్పుడే 'కామన్ గ్రౌండ్' అనే సహాయ సంస్థ పుట్టింది. దాని స్థాపకుల్లో ఒకడిగా డార్బీకి పేరొచ్చింది.

మూడేళ్లు తిరక్కుండానే అదే మనిషి అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. తరఫున ఇన్ఫార్మర్‌గా ఉద్యమకారుల మధ్య కూర్చున్నాడు. 2008 సెప్టెంబరులో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో రిపబ్లికన్ పార్టీ మహాసభ జరిగింది. నిరసన తెలపడానికి టెక్సస్ నుంచి వెళ్లిన బృందంలో అతనూ ఉన్నాడు. ఆ బృందంలోని ఇద్దరు కుర్రాళ్లు ఎనిమిది పెట్రోలు బాంబులు తయారుచేశారు. వాటిని ఎవరి మీదా వేయలేదు. ఒకరికి రెండేళ్లు, రెండోవాడికి నాలుగేళ్లు జైలుశిక్ష పడింది. ఆ ఏడాది చివర్లో డార్బీ తానే బహిరంగ లేఖ రాసి బయటపడ్డాడు. నేను ప్రాణాలు కాపాడానంటాడతను. తమకంటే పదేళ్లు పెద్దవాడి మాటల వేడికే ఆ కుర్రాళ్లు రెచ్చిపోయారంటారు పాత మిత్రులు. నాలుగేళ్లు పడినవాడి కేసులో మొదట జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. ఆ తర్వాత అతను నేరం ఒప్పుకుని, డార్బీయే పురికొల్పాడన్న వాదన వెనక్కి తీసుకున్నాడు. అంటే, ఏ పక్షం చెప్పేదీ అంత సాఫీగా సాగదు.

ఇన్ఫార్మర్, కోవర్టు అన్న మాటలు మన తెలుగు పత్రికల్లో దశాబ్దాలుగా చదువుతున్నవాళ్లం. ఏ పక్షాన ఉన్నా సరే, ఆ మాట వినగానే మనసులో తీర్పు అయిపోతుంది. మెల్ట్‌జర్ ఆ తీర్పును వాయిదా వేయిస్తాడు. ఎలా?

జరిగిన ఘట్టాలను మళ్లీ నటింపజేసి చూపడం డాక్యుమెంటరీలో కొత్తేమీ కాదు. దర్శకుడు ఎరల్ మోరిస్ 1988లో 'ద థిన్ బ్లూ లైన్' తీసినప్పుడు, డాలస్‌లో ఒక పోలీసు హత్యను సాక్షి సాక్షికీ ఒక్కో తీరున నటింపజేశాడు. ఆ తేడాలు చూస్తూ చూస్తూ ఉండగానే సాక్ష్యాల డొల్లతనం బయటపడింది. చేయని నేరానికి శిక్ష అనుభవిస్తున్న మనిషి మరుసటి ఏడాది విడుదలయ్యాడు. మెల్ట్‌జర్ ఇంకో అడుగు వేశాడు. పునర్నటన దృశ్యాల్లో డార్బీ వేషం డార్బీకే ఇచ్చాడు.

పౌరాణిక నాటకంలో కృష్ణుడి వేషం కట్టినాయన కృష్ణుడు కాడని చూసే ప్రతివాడికీ తెలుసు. ఇక్కడ వేషం కట్టినవాడే అసలువాడు. అందుకే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. తన గతాన్ని తానే నటించేవాడు ప్రతి అడుగునూ, ప్రతి చూపునూ ఎంచుకుంటాడు. అప్పుడు ఏం జరిగిందన్నదానికంటే, తాను ఎలా గుర్తుండిపోవాలనుకుంటున్నాడో ఆ దృశ్యాల్లో ఎక్కువ తెలుస్తుంది. దర్శకుడు అతనితో వాదించడు. ఆడనిస్తాడు. అతని కథనం సాగుతుండగానే స్కాట్ క్రో వంటి పాత సహచరుల మాటలు తెచ్చి పక్కన పెడతాడు. ఆ రెంటికీ మధ్య తేడాను మనమే పట్టుకోవాలి. దీన్ని కొందరు దర్శకుడి పిరికితనమంటారు. నాకు మాత్రం ఇది ప్రేక్షకుడికి ఇచ్చిన గౌరవంగా తోచింది.

రేడియో వినేవాళ్లకు ఈ చిత్రం దగ్గర ఒక సౌకర్యం ఉంది. ఒకసారి మామూలుగా చూశాక, డార్బీ మాట్లాడే భాగాలను తెర వైపు చూడకుండా వినండి. ఎక్కడ 'నేను' అంటున్నాడు, ఎక్కడ 'వాళ్లు' అంటున్నాడు, అడగని దానికి ఎక్కడ జవాబు చెబుతున్నాడు? మొహం కనబడుతున్నంతసేపు ఇవి చెవిన పడవు.

నాదొక ఫిర్యాదు కూడా ఉంది. ఇంతసేపు ఒక్కడినే చూస్తూ కూర్చున్నాక, జైలుకెళ్లిన ఆ కుర్రాళ్లు మసకబారిపోతారు. 2015లో వచ్చిన 'టెర్రర్' అనే మరో చిత్రం ఈ చిక్కును వేరేగా విప్పింది. లిరిక్ కబ్రాల్, డేవిడ్ ఫెలిక్స్ సట్‌క్లిఫ్ అనే ఇద్దరు, పనిలో ఉన్న ఒక ఎఫ్.బి.ఐ. ఇన్ఫార్మర్ వెంట కెమెరా పట్టుకుని తిరిగారు. ఎఫ్.బి.ఐ.కి ఆ సంగతి తెలియదు. తర్వాత ఆ ఇన్ఫార్మర్‌కీ తెలియకుండా, అతను కన్నేసి ఉంచిన మనిషి దగ్గరికే వెళ్లి అతని గోడూ చిత్రీకరించారు. అలా చేయడం న్యాయమేనా అంటే నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. చూస్తున్నంతసేపు మాత్రం ఊపిరి బిగబట్టాల్సి వస్తుంది.

డార్బీ కథకే రెండో వైపు కావాలంటే 2011 నాటి 'బెటర్ దిస్ వరల్డ్' ఉంది. కేటీ గాలోవే, కెల్లీ డ్వేన్ డి లా వేగా తీసిన ఆ చిత్రానికి కేంద్రం ఆ ఇద్దరు కుర్రాళ్లు, వాళ్ల కుటుంబాలు. ఆ చిత్రం ముందు విడుదలైంది కాబట్టి దాన్నే ముందు చూడాలని లేదు. నన్నడిగితే 'ఇన్‌ఫార్మెంట్'తోనే మొదలుపెట్టమంటాను. అతని మాట పూర్తిగా వినండి, నమ్మబుద్ధయిన చోట నమ్మండి, ఆ తర్వాత ఆ పిల్లల ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లండి. వరస మారిస్తే, డార్బీ నోరు విప్పేసరికే మీరు వినడం మానేసి ఉంటారు.