తార్నాకలో ఒక్కడినే తిన్న అఖుని

పోయిన ఆదివారం తార్నాకలో ఓ చిన్న నాగా హోటల్‌కి ఒక్కడినే వెళ్ళా. ఉస్మానియా, ఇఫ్లూ పక్కనే కదా, ఈశాన్య రాష్ట్రాల స్టూడెంట్సే ఎక్కువ. "భయ్యా, ఒక్కరేనా?" అంటే కొంచెం సిగ్గేసి ఫోన్‌లో తలదూర్చేశా.

మెనూలో అఖుని పోర్క్ చూసి ఆగిపోయా. అఖుని అంటే ఉడకబెట్టిన సోయా గింజల్ని ఆకుల్లో చుట్టి, పొయ్యి దగ్గర కొన్ని రోజులు పులియబెడతారు. వాసన మాత్రం మామూలుగా ఉండదు. 2019లో దీని పేరుతోనే సినిమా వచ్చింది: ఢిల్లీలో ఫ్రెండ్ పెళ్ళికి ఇది వండుదామంటే చుట్టుపక్కల వాళ్ళు వండనివ్వరు.

నేనూ ఆ పక్కింటివాడి టైపే. షేరింగ్ ఫ్లాట్‌లో ఉన్నప్పుడు మా రూమ్మేట్, నాగాలాండ్ అబ్బాయి, ఇది వండుతుంటే "బ్రో, ఏంటీ కంపు?" అన్నా. ఏం మాట్లాడకుండా స్టవ్ ఆపేశాడు. మళ్ళీ ఎప్పుడూ వండలేదు.

ప్లేట్ వచ్చింది. మొదటి ముద్ద భయంభయంగానే పెట్టుకున్నా. కారం, పొగ వాసన... రెండో ముద్దకి అమ్మమ్మ చేసే ఎండు రొయ్యల కూర గుర్తొచ్చింది. అది వండినా వీధి మొత్తానికి తెలిసిపోతుంది. కానీ దాన్ని మేం ఘుమఘుమ అంటాం!

అన్నం ఇంకోసారి పెట్టించుకుని మరీ తిన్నా. ఖాళీ ప్లేట్ ఫొటో తీసి, "సారీ రా" అని రూమ్మేట్‌కి పంపా. బ్లూ టిక్స్ పడ్డాయి. రిప్లై ఇంకా రాలేదు.