చెవితో చూసే ఆట



ఈవేళ మీతో గోల్ఫు గురించి నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను. నవ్వకండి. ఊరగాయలకి బూజు పట్టకుండా ఏం చెయ్యాలో చెప్పే మనిషికి ఇదేం పోయేకాలం అని మీరనుకుంటారని నాకు తెలుసు. ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచుదాకా మా వైపు గోల్ఫు మైదానం నేనెక్కడా చూడలేదు. విశాఖపట్నంలో 1884 నాటి క్లబ్బు వుంది. హైదరాబాదులో గోల్కొండ కోటని ఆనుకుని మైదానం వుంది. అవన్నీ పెద్ద ఉద్యోగాల వాళ్ళకేగాని మనకెందుకని నేనూ అనుకునేదాన్ని.

నేను చెప్పబోయేది ఆ ఆటలో చివరి ముక్క గురించి మాత్రమే. దూరం నుంచి కొట్టుకుంటూ వచ్చిన బంతి, గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక మీదికి చేరుతుంది. అక్కణ్ణుంచి దాన్ని నేలమీద దొర్లించి గుంటలో వెయ్యాలి. దీన్ని పుటింగ్ అంటారు. అందుకు వాడే కర్ర పేరు పుటర్. బంతి అడ్డుకొలత 1.68 అంగుళాలు, గుంటది 4.25 అంగుళాలు. పద్ధెనిమిది గుంటల మైదానానికి సాధారణంగా 72 దెబ్బలు లెక్క. అందులో గుంటకి 2 చొప్పున 36 ఈ దొర్లించే దెబ్బలకే వదిలిపెట్టారు. అంటే సగం ఆట! ఆ సగానికి కండబలంతో పనిలేదు.

బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ పేరు మీరు వినే వుంటారు. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్స్‌లో ఒక్క దెబ్బ తేడాతో పతకం పోయి నాలుగో స్థానంలో నిలిచింది. దూరంగా కొట్టడంలో ఆ పిల్ల అక్కడి ఆడవాళ్ళందరిలో వెనకబడే వుంది. ఆమెని అంతదాకా లాక్కొచ్చింది ఈ పుటింగే. ఇంకో మాట. అక్కడ ఆమె సంచీ మోసింది కన్నతల్లి. ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చుని నేను ఆటకంటె ఆ తల్లినే ఎక్కువ చూశాను.

సరే, ఈ కర్ర మా ఇంటికెలా వచ్చిందో చెప్తాను. మా ఆడబిడ్డ కొడుకు హైదరాబాదులో ఈ ఆట నేర్చుకున్నాడు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు తన పాత పుటరూ నాలుగు బంతులూ మా ఇంట్లో వదిలేసి వెళ్ళాడు. మా మామగారికి డెబ్బై ఆరేళ్ళు. నీటికాసులతో చూపు బాగా తగ్గిపోయింది. అత్తయ్యగారు పోయాక గుమ్మం దిగడం మానేశారు. పేపరు చదవలేరు, టీవీ వద్దంటారు. కాఫీ ఇస్తే తాగుతారు, లేకపోతే లేదు. అటువంటి మనిషి, పిల్లాడు వాకిట్లో బంతి దొర్లిస్తూంటే ఆ చప్పుడు విని, “ఏమిట్రా అది, గోళీలాటా?” అని అడిగారు. ఎన్నాళ్ళకో ఆయన తనంతట తాను అడిగిన మాట అది.

ఆయన పుట్టింది దుమ్ముగూడెం వైపు. చిన్నప్పుడు గోళీలు కొనుక్కునే స్తోమతు లేక గచ్చకాయలతో ఆడేవారట. గచ్చకాయ పూర్తిగా గుండ్రంగా వుండదు, తన ఇష్టం వచ్చినట్టు పోతుంది. “దాన్ని గుంటలో వేసినవాడికి ఈ తెల్లబంతి ఒక లెక్కా?” అన్నారు. ఆ సాయంత్రమే చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చాం.

ముందు పట్టు సంగతి. కుడిచేతివాటం వాళ్ళు ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద వుంచాలి. నమస్కారం పెట్టేప్పుడు అరచేతులు ఎదురెదురుగా వుంటాయి చూడండి, కర్ర మధ్యలో వున్నా అవి అలాగే వుండాలి. బొటనవేళ్ళు రెండూ పిడి మీద తిన్నగా కిందికి చాపాలి. ఎడమచేతి చూపుడువేలు కుడిచేతి వేళ్ళమీద ఊరికే ఆనించి వుంచుతారు. దాంతో రెండు చేతులూ ఒకటై, మణికట్టు కదలదు. ఎంత గట్టిగా పట్టుకోవాలి? నిండు పాలగిన్నె పట్టుకుని వంటింట్లోంచి నడవాలోకి నడుస్తాం గదా, అంత. గట్టిగా బిగిస్తే పాలు తొణుకుతాయి, వదులైతే గిన్నే జారుతుంది. కొందరు ఎడమచెయ్యే కింద పెడతారు. కుడి మణికట్టు మాట వినని వాళ్ళకి అది మంచిది. నాకు అదే కుదిరింది. చపాతీలు వత్తీ వత్తీ నా కుడిచెయ్యి ప్రతిదానికీ ముందుకు దూకుతుంది మరి.

తర్వాత నిలబడే తీరు. పాదాలు భుజాల వెడల్పున, మోకాళ్ళు కాస్త సడలించి, తుంటి దగ్గర వంగాలి. ముగ్గు వెయ్యబోతూ సగంలో ఎవరో పిలిస్తే ఆగినట్టుంటుంది ఆ వంగడం. చేతులు భుజాల నుంచి తమంత తాము వేలాడాలి. బంతి రెండు పాదాలకి నట్టనడుమ కాక, ఒక పిసరు ఎడమపాదం వైపు వుండాలి. కన్ను సరిగ్గా బంతికి పైన వుందో లేదో తెలుసుకోవడానికి మా పిల్లాడొక చిట్కా చెప్పాడు. ముక్కు మొదటి నుంచి ఇంకో బంతిని జారవిడిస్తే అది కిందవున్న బంతి మీదనో, దానికి కొంచెం మనవైపునో పడాలి. అవతలికి పడితే మరీ వంగిపోయామన్నమాట. కన్ను పక్కకి పోతే గీత వంకరగా కనబడుతుంది. వంకర గీతని మనసు నమ్ముతుంది, చేతులు నమ్మిన దారినే పోతాయి.

ఇక దెబ్బ. అసలు ఇది దెబ్బ కాదు, ఊపు. భుజాలూ చేతులూ కలిసి ఊగాలి, మణికట్టు మడవకూడదు. ఉయ్యాలని కొద్దిగా ఊపినా ఇంకాస్త ఎక్కువ ఊపినా, పోయి రావడానికి పట్టే సమయం ఇంచుమించు ఒకటే. ఇదీ అంతే. దూరం పోవాలంటే కర్రని వెనక్కి ఎక్కువ తీసుకెళ్ళాలి, దగ్గరకైతే తక్కువ. అంతేగాని విసురు మార్చకూడదు. నేను మొదటి వారమంతా అక్కడే తప్పాను. కొంచెం వెనక్కి తీసి చివర్లో బలంగా తోసేదాన్ని. ఇంకా ముఖ్యమైనది పుటర్ ముఖం. బంతికి తగిలే క్షణాన ఆ ముఖం ఎటు చూస్తూంటే బంతి దాదాపు అటే బయల్దేరుతుంది. మిగతావన్నీ దాని తర్వాతే.

వేగం మాటకొస్తే, అమెరికాలో నాసాలో పనిచేసి తర్వాత ఈ పుటింగ్ పరిశోధనలో పడిన డేవ్ పెల్జ్ అనే ఆయన, గుంట తప్పినా సుమారు 17 అంగుళాలు దాటి ఆగే వేగం మంచిదని తేల్చారు. అంతకంటె జోరుగా పోతే బంతి గుంట అంచు తాకి తిరిగి బైటికొస్తుంది. మరీ మెల్లగా పోతే చివర్లో నేల ఎటు లాగితే అటు ఒరుగుతుంది.

నేల వాలు చూడడం మాత్రం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. గోల్ఫు నేర్పేవాళ్ళు, “ఇక్కడ బకెట్టు నీళ్ళు పోస్తే ఎటు పారతాయో ఊహించుకోండి” అంటారట. ఊహించడమెందుకూ, వాకిలి కడిగేది మనమే గదా! మా వాకిలి నీళ్ళు తులసికోట దగ్గర్నుంచి గేటు ఎడమవారకి పారతాయి. బంతీ అటే ఒరుగుతుంది. కాబట్టి గురి గ్లాసుకి కాక దానికి జానెడు కుడికి, మెరక వైపు పెట్టుకోవాలి. పొద్దున్నే కళ్ళాపి చల్లిన నేలమీద బంతి బరువుగా, మెల్లగా పోతుంది. మధ్యాహ్నానికి నేల ఎండాక అదే ఊపుకి గేటుదాకా పరుగెత్తుతుంది. పచ్చిక మీద పొద్దుటి మంచుకీ ఇదే లెక్క.

గుంట తవ్వకుండా మేము స్టీలు గ్లాసుని అడ్డంగా పడుకోబెట్టి ఆడతాం. గ్లాసు మూతి అసలు గుంటకంటె ఇరుకు. దాన్లో పడేలా అలవాటైతే 4.25 అంగుళాల గుంట మన కంటికి చెరువంత కనబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. పట్టు కుదిరింది, నిలబడడం కుదిరింది, ఊపూ వచ్చింది. అయినా నావి పదింట ఏడు తప్పేవి. మామగారివి పదింట ఐదారు పడేవి. ఆయనకి పదడుగుల అవతల గ్లాసు కనబడదు. నేను గ్లాసు వెనక నిలబడి చప్పట్లు కొడితే ఆ దిక్కుకి తిరిగి నిలబడతారు. కాళ్ళ దగ్గరి బంతి మాత్రం మసకగా తెలుస్తుంది. ఒకరోజు ఉక్రోషంతో అడిగేశాను, “నాకు కళ్ళుండీ పడడంలేదేం మామయ్యగారూ?” అని. “కళ్ళున్నాయి గనకే అమ్మాయ్. బంతి కదలకముందే నీ తల లేస్తోంది, నీ చీర చప్పుడు నాకు వినబడుతోంది” అన్నారు.

పడుతుందో లేదో చూడాలన్న ఆత్రంలో తల లేస్తుంది. తలతోబాటు భుజం, భుజంతోబాటు కర్ర ముఖం పక్కకి తిరుగుతుంది. మా పిల్లాడికి ఫోను చేసి ఇది చెబితే, పెద్ద పెద్ద ఆటగాళ్ళకీ ఇదే నేర్పుతారన్నాడు. బంతి పోయాక కూడా అది వున్న చోటే చూస్తూ వుండాలట. గుంటలో పడిన చప్పుడు ఎడమచెవితో వినాలిగాని కంటితో వెతకకూడదట. మామగారికి ఎవరూ నేర్పలేదు. చూసే వీలులేక విన్నారంతే. ఆ రోజునుంచి నేనూ చూపు నేలకి అతికించి, స్టీలు గ్లాసు ‘ఠంగు’మనేదాకా తలెత్తడం మానేశాను. మొదట్లో ఎంత కష్టమో చెప్పలేను. పాలు పొయ్యిమీద పెట్టి అటు చూడకుండా కూర్చోవడం లాంటిది.

దగ్గర బంతులకే ఈ ఆత్రం ఎక్కువ. మూడడుగుల దూరంలో, తప్పితే పరువు పోతుందన్నచోట, చేతులు ఉన్నట్టుండి వణుకుతాయి. దీన్ని యిప్స్ అంటారు. జర్మనీకి చెందిన బెర్నార్డ్ లాంగర్ అంతటివాణ్ణి ఈ జబ్బు ఒకసారి కాదు, చాలాసార్లు పట్టింది. పట్టు మార్చి మార్చి దాన్ని వదిలించుకుని, 1985లో, మళ్ళీ 1993లో మాస్టర్స్ పోటీ గెలిచాడు. మన తెలుగువాళ్ళ సంగతీ చెప్పాలి. హైదరాబాదు నుంచి వెళ్ళిన తల్లిదండ్రులకి కాలిఫోర్నియాలో పుట్టిన తీగల సాహిత్ 2023 సెప్టెంబరులో అక్కడి నాపాలో ఫార్టినెట్ పోటీ గెలిచాడు. అమెరికా పెద్ద పోటీల్లో అది అతని మొదటి గెలుపు. ఆ వార్త చదివి వినిపిస్తే మామగారు, “తీగలవారా? ఏ వూరివాళ్ళో కనుక్కో” అన్నారు.

మీ వాకిట్లో ఆడాలనుకుంటే కర్ర కొనక్కర్లేదు, ముందు చేతికర్ర తిరగేసి పట్టుకున్నా ఊపు అలవాటవుతుంది. అపార్టుమెంట్లలో వున్నవాళ్ళు నడవాలో తివాచీ మీద ఆడుకోవచ్చు. కిందింటివాళ్ళు నిద్రపోయే వేళ మాత్రం వద్దు. రోజూ ఇరవై బంతులు చాలు, అవీ మూడడుగుల నుంచి. నడుం నొప్పి వున్నవాళ్ళు పదికి ఆపండి.

మామగారు ఇప్పుడు ఐదయ్యేసరికి తనే చెప్పులు వెతుక్కుంటున్నారు. నిన్న గ్లాసుని పన్నెండడుగులకి జరిపి ఆ మాట ఆయనకి చెప్పలేదు. బంతి వదిలి, తలవంచుకుని విన్నారు. చప్పుడు రాలేదు. “గ్లాసు జరిపావు గదూ, అమ్మాయ్?” అన్నారు.