ఎవరి తరఫున ఎవరు? అంతరిక్ష కూటమి ఆట చెప్పే ప్రాతినిధ్య పాఠాలు

(స్థానిక సంస్థల మహిళా సభ్యులతో పనిచేసే కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజకీయ ప్రాతినిధ్యం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. రిజర్వేషన్ల గురించీ, పంచాయతీ చట్టాల గురించీ ఇక్కడున్న చాలామందికి నాకంటే ఎక్కువే తెలుసు. అందుకని ఈరోజు మనకు బొత్తిగా సంబంధం లేనట్టు కనిపించే ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఎన్నో గ్రహాల మీద ఎన్నో రకాల జీవజాతులు ఉన్నాయనుకుందాం. అవన్నీ యుద్ధాలు మానుకుని ఒక కూటమిగా ఏర్పడ్డాయనుకుందాం. ఆ కూటమి సభలో ఎవరికి ఎన్ని సీట్లు ఉండాలి? ఎవరి తరఫున ఎవరు మాట్లాడాలి?

ఈ ఊహ కొత్తదేం కాదు. అమెరికాలో 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' టీవీ సీరియల్లో ఇలాంటి గ్రహాల సమాఖ్య ఒకటి ఉంది. మనుషులూ, మరో మూడు జాతులూ కలిసి 2161లో దాన్ని స్థాపించినట్టు కథ. తర్వాత నూటయాభైకి పైగా గ్రహాలు చేరాయంటారు. సభ ఉంది, అధ్యక్షుడు ఉన్నాడు. కానీ ఏ గ్రహానికి ఎన్ని ఓట్లు, ప్రతినిధిని ఎవరు ఎన్నుకుంటారు అన్నది వివరంగా చెప్పరు. అధ్యక్షుడి కార్యాలయం పారిస్‌లో, అంతరిక్ష దళం ప్రధాన కార్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాయి. అంటే అందరి సమాఖ్య మనుషుల గడ్డ మీదే కూర్చుంటుంది. చూసేవాళ్లకు అది సహజంగానే అనిపిస్తుంది, ఊరందరి పంచాయతీ పెద్దకులం వారి అరుగు మీద జరగడం ఊళ్లో చాలామందికి సహజంగా అనిపించినట్టే.

మేము శిక్షణల్లో ఈ ఊహను ఒక ఆటగా వాడుతున్నాం. ఆరు చీటీల మీద ఆరు జాతుల వివరాలు రాస్తాం. మొదటిది మనుషులు, ఎనిమిది వందల కోట్ల పైమాట. రెండోది పుట్టవాళ్లు. చీమల్లా పుట్టలు కట్టుకుని లక్షల కోట్ల సంఖ్యలో ఉంటారు. వాళ్లలో రెక్కలవాళ్లు బయట తిరుగుతారు, పిల్లల్ని సాకే గూటివాళ్లు పుట్ట దాటి బయటికి రారు. మూడోది మర్రివాళ్లు. చెట్లలా పాతుకుని వెయ్యేళ్లు బతుకుతారు, మొత్తం నలభై వేలమందే, ఒక మాట పలకడానికి వాళ్లకు ఒక రోజు పడుతుంది. నాలుగోది ఒక్కమనసువాళ్లు. శరీరాలు కోట్లు, మనసు ఒక్కటే. అయిదోది మరమనుషులు, ఒకప్పుడు ఎవరో పనికోసం తయారుచేసినవాళ్లు. ఆరోది మాట అనేదే లేని జీవులున్న ఒక సముద్ర గ్రహం.

ఆటలో నియమం ఒక్కటే. ముందు అందరూ కలిసి సభ నిబంధనలు రాయాలి, ఆ తర్వాతే చీటీలు తీయాలి. తాను ఏ జాతిలో పడతానో తెలియకుండా నిబంధన రాసేవాళ్లు అందరికంటే బలహీనుల వైపు నుంచి కూడా ఆలోచించక తప్పదు. జాన్ రాల్స్ అనే తత్వవేత్త న్యాయం గురించి 1971లో రాసిన పుస్తకంలో ఇలాంటి ఆలోచననే సిద్ధాంతంగా చెప్పాడు. పంచేవాళ్లు చివరి వాటా తీసుకోవాలని ఇంట్లో పిల్లలకు మనం చెప్పేదీ అదే.

ఎవరు ఆడినా మొదట వచ్చే ప్రతిపాదన తలకొక ఓటు. ప్రజాస్వామ్యమంటే అదే కదా అంటారు. కానీ అప్పుడు పుట్టవాళ్లే అన్నీ నిర్ణయిస్తారు, మిగిలినవాళ్లు సభకు వచ్చినా రాకపోయినా ఒకటే. రెండో ప్రతిపాదన గ్రహానికొక ఓటు. అప్పుడు నలభై వేలమంది మర్రివాళ్లు ఎనిమిది వందల కోట్ల మనుషులతో సమానం. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో నడిచేది ఈ పద్ధతే, 193 దేశాలకూ తలా ఒక ఓటు. కానీ యుద్ధం, ఆంక్షలు వంటి విషయాల్లో అసలు అధికారం భద్రతా మండలిది. అక్కడున్నది 15 దేశాలు, అందులో అయిదింటికే వీటో. సమానత్వాన్ని పెద్ద హాల్లోనూ అధికారాన్ని చిన్న గదిలోనూ ఉంచే పద్ధతి మన సంఘాల్లోనూ మనం చూస్తున్నదే.

మూడో ప్రతిపాదన రెండింటినీ కలపడం. 2024లో ఎన్నికైన యూరోపియన్ పార్లమెంటులో జర్మనీకి 96 సీట్లు, చిన్న దేశమైన మాల్టాకు 6. జనాభా ప్రకారం చూస్తే మాల్టాకు వచ్చింది ఎక్కువే. చిన్నవాళ్లు బొత్తిగా కనబడకుండా పోకూడదని అలా పెట్టుకున్నారు. అమెరికాలో 1787లోనే రెండు సభల రాజీ కుదిరింది. ఒక సభ జనాభాను బట్టి, మరొకటి రాష్ట్రానికి ఇద్దరు చొప్పున. చాలా శిబిరాల్లో చర్చ ఇక్కడికి వచ్చి ఆగుతుంది. రాజీ కుదిరిందని చప్పట్లు కొడతారు. నేను చెప్పదలచుకున్నది ఇక్కడి నుంచే మొదలవుతుంది. సీట్ల లెక్క తేలినంత మాత్రాన ప్రాతినిధ్యం తేలినట్టు కాదు. ఇంకా నాలుగు ప్రశ్నలు మిగిలే ఉంటాయి.

మొదటి ప్రశ్న, లెక్కించేది ఎవరిని, ఓటు ఎవరికి? ఆ 1787 రాజ్యాంగమే సీట్లు పంచేటప్పుడు ఒక్కో బానిసను అయిదింట మూడు వంతుల మనిషిగా లెక్కించింది. దాంతో బానిసలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలకు సీట్లు పెరిగాయి. బానిసలకు మాత్రం ఓటు లేదు. వాళ్ల తలలు లెక్కపెట్టి, ఆ బలంతో వాళ్ల యజమానులు సభలో కూర్చున్నారు. తెల్లజాతి స్త్రీలను నిండు మనుషులుగానే లెక్కించారు, కానీ స్త్రీ అన్న కారణంతో ఓటు నిరాకరించకూడదని దేశమంతటికీ వర్తించే సవరణ 1920లో గాని రాలేదు. కాబట్టి లెక్కలోకి రావడం వేరు, మాటలోకి రావడం వేరు.

ఒక్కమనసువాళ్ల చీటీ దగ్గర ఎప్పుడూ మంచి చర్చ జరుగుతుంది. కోట్ల శరీరాలకు మనసు ఒక్కటే అయితే ఒక ఓటా, కోట్ల ఓట్లా? ఒక శిబిరంలో ఒక వార్డు సభ్యురాలు, "మా ఇంట్లో అందరిదీ ఒకటే మాట అని మా ఆయన కూడా అంటాడండీ, అది నిజమో కాదో ఒక్కొక్కరినీ విడిగా అడిగితే కదా తెలిసేది" అన్నారు. రహస్య ఓటు ఎందుకో ఇంతకంటే బాగా చెప్పలేం. ఒకటే మాట అని చెప్పేవాళ్లను నమ్మవద్దని కాదు. ఆ మాట విడివిడిగా అడిగాక కూడా ఒకటేగా నిలవాలి.

మరమనుషుల విషయంలో ప్రశ్న ఇంకా మూలాల్లోకి పోతుంది. స్టార్ ట్రెక్‌లో 1989లో వచ్చిన ఒక కథలో డేటా అనే మరమనిషి వ్యక్తా, దళం ఆస్తా అని విచారణ జరుగుతుంది. వాడుకుని పారేసే పనివాళ్లను తరాల తరబడి తయారుచేయడం బానిసత్వమేనన్న సంగతి కథానాయకుడికి తట్టేలా చేసేది నల్లజాతి నటి వూపీ గోల్డ్‌బర్గ్ వేసిన పాత్ర. ఆస్తి జాబితాలో ఉన్నవాళ్లకు సభలో కుర్చీ గురించిన చర్చే రాదు. ముందు ఆ జాబితాలోంచి బయటపడాలి. స్త్రీల చరిత్రలో ఈ మెట్టు ఎంత పెద్దదో మనకు తెలుసు.

రెండో ప్రశ్న, ప్రతినిధిని ఎంచుకునేది ఎవరు? పుట్టవాళ్లకు ఎన్ని సీట్లిచ్చినా సభకు వచ్చేది రెక్కలవాళ్లే. గూటివాళ్ల సంగతేమిటని అడిగితే, అది మా జాతి లోపలి వ్యవహారం, మా ఆచారం అంటారు. కులం, మతం, కుటుంబం దేని పేరు చెప్పి మాట్లాడేవాళ్లయినా లోపలున్న స్త్రీలను అడిగి మాట్లాడుతున్నారా అన్నది మనం ఎప్పుడూ వేయాల్సిన ప్రశ్న.

ఈ దేశంలో ఈ ప్రశ్న అతి తీవ్రంగా వచ్చింది 1932లో. ఆ ఏడాది ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించింది. వాటిలో దళితుల ప్రతినిధులను దళితులే ఎన్నుకుంటారు. రాష్ట్రాల శాసనసభల్లో అలాంటి సీట్లు 71. గాంధీ నిరాహార దీక్షతో సెప్టెంబరులో పూనా ఒప్పందం జరిగి రిజర్వుడు సీట్లు 148 అయ్యాయి. సంఖ్య రెట్టింపు దాటింది, కానీ ఎన్నుకునే చేతులు మారాయి. దళిత ఓటర్లు నలుగురిని ముందుగా ఎంపిక చేయొచ్చు, తుది ఎన్నికలో మాత్రం అన్ని కులాల ఓటర్లూ ఉంటారు. సీట్లు పెరిగినా ప్రతినిధి ఎవరి దయ మీద గెలవాలన్నది అంబేడ్కర్‌ను తర్వాత కూడా వేధించిన ప్రశ్న.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీల్లో మూడో వంతు సీట్లు స్త్రీలకు వచ్చాయి. తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చట్టాల్లో అది సగమైంది. అది పోరాడి తెచ్చుకున్న హక్కు. అయినా అభ్యర్థిని ఖాయం చేసేది ఊరి పెద్దలూ పార్టీ నాయకులూ అయినప్పుడు ఆమె జవాబు చెప్పుకునేది ఎవరికి? మహారాష్ట్రలో గ్రామసభకు ముందు స్త్రీల గ్రామసభ జరపాలన్న నిబంధన ఉంది. ప్రతినిధికి వెనక ఒక సమూహం ఉంటేనే ఆమె మాటకు బలం. ఆటలో కూడా చివరికి చాలా బృందాలు, సభ జరిగే ముందు గూటివాళ్ల సభ గూట్లోనే జరగాలని రాస్తాయి.

మూడో ప్రశ్న, మాట్లాడలేనివాళ్ల తరఫున ఎవరు? సముద్ర గ్రహం చీటీ చూసి ఇది కేవలం కల్పన అనుకోవద్దు. న్యూజీలాండ్ 2017లో వాంగనుయి నదిని చట్టం ముందు వ్యక్తిగా గుర్తించింది. నది తరఫున మాట్లాడటానికి ఇద్దరిని పెట్టింది. ఒకరిని ప్రభుత్వం, ఒకరిని ఆ నదితో తరతరాల బంధమున్న మావోరి తెగలు ఎంపిక చేస్తాయి. ఒక్కరి చేతిలో పెట్టకపోవడం ఇందులో గమనించాల్సిన విషయం.

అయితే ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. ఆమెకేం తెలుసు, ఆమె తరఫున నేను చెబుతానన్న మాట మన పంచాయతీ కార్యాలయాల్లో రోజూ వినేదే. భార్య గెలిస్తే కుర్చీలో భర్త కూర్చోవడానికి చెప్పే సాకు కూడా సంరక్షణే. నదికి సంరక్షకుడు న్యాయమైతే సర్పంచి భర్త ఎందుకు కాడు? ఆటలో దీని మీద గంటల తరబడి వాదన నడిచింది. చివరికి తేలింది నాకు ఇప్పటికీ సరైనదనే అనిపిస్తుంది. నిజంగా మాటే లేనివాళ్లకు సంరక్షకులు కావాలి. మాట ఉండి, ఆ మాట మనకు అర్థం కానివాళ్లకు కావాల్సింది అనువాదకులు. మర్రివాళ్లకు మాట ఉంది, కానీ రోజుకొక మాట. వాళ్లకు సంరక్షకుణ్ణి పెట్టడం అన్యాయం. సభే వాళ్ల కోసం ఆగాలి. చదువు లేని సర్పంచికి కావాల్సింది తీర్మానం చదివి వినిపించే మనిషి, సంతకం పెట్టే మనిషి కాదు.

నాలుగో ప్రశ్న, సభ ఎవరి పద్ధతిలో నడుస్తుంది? సభ వేళ, భాష, కాగితాలు, చివరికి పేరు కూడా ఎవరో ఒకరి సౌకర్యానికి తగ్గట్టే ఉంటాయి. 1991లో వచ్చిన ఆరో స్టార్ ట్రెక్ సినిమాలో ఒక విందు దృశ్యం ఉంది. సమాఖ్య అధికారి ఒకడు గొప్పగా మానవ హక్కుల గురించి మాట్లాడతాడు. క్లింగాన్ జాతి నాయకుడి కూతురు అజెట్‌బర్ వెంటనే పట్టుకుంటుంది. ఆ పేరులోనే మా జాతి లేదే, మీ సమాఖ్య మనుషుల క్లబ్బే కదా అని ఆమె అభ్యంతరం. బల్ల దగ్గరున్న మనుషులు ఇబ్బంది పడతారు.

అది సినిమా. కానీ ఐక్యరాజ్యసమితిలో ఇంచుమించు అదే పని మన దేశపు స్త్రీ నిజంగా చేసింది. 1948 నాటి మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణం ముసాయిదాలో పురుషులనే అర్థం కూడా వచ్చే ఇంగ్లీషు మాట ఉంటే, భారత ప్రతినిధి హంసా మెహతా పట్టుబట్టి మనుషులందరూ అనే మాట పెట్టించారు. పురుషుడన్నా అందులో స్త్రీ కూడా ఉన్నట్టేనని సర్దిచెప్పేవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఉన్నట్టే అనుకోవడం వేరు, ఉండటం వేరు.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. 1976లో 42వ సవరణ, లోక్‌సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లు అన్న లెక్కను 1971 జనాభా ప్రకారం ఆపి ఉంచింది. 2001 నాటి 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. 2023లో వచ్చిన 106వ సవరణ లోక్‌సభలో, శాసనసభల్లో స్త్రీలకు మూడో వంతు సీట్లు కేటాయిస్తూ, ఆ అమలును జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టింది. తలకొక ఓటా, రాష్ట్రాల సమతూకమా అన్న వాదన అక్కడే రాజుకుంది. పుట్టవాళ్లకూ మర్రివాళ్లకూ మధ్య నడిచిన వాదనే ఇది.

దక్షిణాది నాయకులు, మేము జనాభాను అదుపు చేశాం, అందుకు మాకు శిక్షా అని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ "మేము" ఎవరు? మన రెండు రాష్ట్రాల్లోనూ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లలో దాదాపు అందరూ స్త్రీలే. కడుపు కోయించుకుంది వాళ్లు. ఆ త్యాగం ఇప్పుడు సీట్ల బేరంలో రాష్ట్రం ఖాతాలో పడుతోంది. ఆ సీట్లు నిలిచినా పెరిగినా వాటిలో కూర్చునేది ఎవరు, వాళ్లను ఎంచేది ఎవరు అన్న మాట ఆ వేదికల మీద ఎంతమంది ఎత్తుతున్నారు? స్త్రీల శరీరాలు లెక్కలోకి వచ్చాయి, స్త్రీలు మాటలోకి రాలేదు. 1787 నాటి లెక్కతో దీనికి పోలిక పూర్తిగా కుదరకపోవచ్చు, కానీ అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే.

కాబట్టి నా విజ్ఞప్తి ఇది. పునర్విభజన గురించి ఏ సభ జరిగినా, సంతకాల సేకరణ జరిగినా మన సంఘాలు ఈ నాలుగు ప్రశ్నలతో అక్కడికి వెళ్లాలి. ఎవరిని లెక్కిస్తున్నారు, ఎవరు ఎంచుకుంటున్నారు, ఎవరి తరఫున ఎవరు మాట్లాడుతున్నారు, సభ ఎవరి వేళకు జరుగుతోంది? మీ ప్రాంతాల్లో ఈ ఆట ఆడించి చూడండి. చీటీల మీద జాతుల పేర్లు మీ ఇష్టం, కాస్త నవ్వుకునేలా ఉంటే మంచిది. నిబంధనలు రాశాకే చీటీలు తీయించడం మాత్రం మరవకండి.